మంచం నుంచి బాత్రూం దాకా: ఊళ్ళో అమ్మానాన్నల ఇల్లు వయసుకి తగ్గట్టు మార్చుకోవడం ఎలా

ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక పని చేయండి. రాత్రి రెండింటికి లేచి మీ అమ్మగారు పడుకునే మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా నడవండి, ఫోన్ లైటు వేయకుండా, ఆవిడ వేసుకునే చెప్పులే వేసుకుని. ఎన్నిచోట్ల కాలికి ఏదో తగిలిందో, ఎక్కడ గోడ పట్టుకోవాలనిపించిందో, ఎక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదో గుర్తుపెట్టుకోండి, పొద్దున్నే కాగితం మీద రాసేయండి. ఏం మార్చాలో మొత్తం ఆ కాగితంలోనే ఉంటది, దానికి ఇంజనీరు అక్కర్లేదు.

మేం ఆ పని అమ్మ పడ్డాక చేశాం. మాది పల్నాడులో ఒక పల్లెటూరు, అమ్మకి 74 ఏళ్ళు, అన్నా వదినల దగ్గర ఉంటది, నేను హైదరాబాద్‌లో ఉంటా. రెండేళ్ళ క్రితం సంక్రాంతి వెళ్ళిన పది రోజులకి తెల్లవారుజామున దొడ్లో బాత్రూంకి వెళ్ళి వస్తూ గుమ్మం దగ్గర జారి పడింది, తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు మంచం మీదే. "లైటేస్తే పిల్లలు లేస్తారని వెయ్యలేదు నాయనా" అంది ఆస్పత్రిలో. ఆ మాట నాకు ఇప్పటికీ గొంతులో అడ్డం పడతది. అంతకు ముందు ఏడాదే ఇంటి ముందువైపు ఎలివేషన్, స్టీలు రెయిలింగు, పెద్ద గేటు అన్నీ చేయించాం, కానీ అమ్మ రోజూ నాలుగైదుసార్లు నడిచే ఆ ఇరవై రెండు అడుగుల దారికి ఒక్క రూపాయి పెట్టలేదు. అందుకే చెప్తున్నా, డబ్బులు ఎంతున్నా లేకపోయినా ముందు ఆ దారి మీద పెట్టండి, మిగతావన్నీ తర్వాత.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. పెద్దవాళ్ళని అడక్కుండా ఏదీ మార్చొద్దు. రాడ్లు బిగిస్తాం అంటే మా అమ్మ "నేనేమన్నా కుంటిదాన్నా, ఇల్లంతా ఆస్పత్రిలాగా చేస్తారా" అని రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత అన్న ఆవిడనే బాత్రూంలో నిలబెట్టి "లేచేటప్పుడు నీ చెయ్యి ఎటు పోతదో చూపించమ్మా" అన్నాడు, ఆవిడ చెయ్యి ఆనిన చోట పెన్సిల్‌తో గీత గీశాడు, మేస్త్రి సరిగ్గా ఆ గీత మీదే బిగించాడు. పుస్తకాల్లో రాసే ఎత్తులు ఉంటాయి, నేలనుంచి 33 నుంచి 36 అంగుళాలు అని, కానీ మనవాళ్ళలో నాలుగున్నర అడుగుల ఆడవాళ్ళు ఉంటారు, వాళ్ళకి ఆ ఎత్తు ఎక్కువైపోతది. మనిషిని బట్టి కొలత తీసుకోవాలి. తన చేత్తో చూపించింది కాబట్టి అది తన రాడ్డు అయిపోయింది, ఇప్పుడు చుట్టాలొస్తే తనే చూపిస్తది.

ఇక మంచం దగ్గర మొదలుపెడదాం. నవారు మంచం, నులక మంచం మనకి అలవాటే, చల్లగా ఉంటది, కానీ మధ్యలో కిందికి జారిపోయి ఉంటే ముసలివాళ్ళు అందులోంచి లేవడం చాలా కష్టం, మోకాళ్ళు నడుము కంటే పైకి వచ్చేస్తాయి. మంచం అంచున కూర్చుంటే రెండు పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, మోకాలు సరిగ్గా మడత పడాలి, అంటే మామూలు ఎత్తు మనిషికి 18 అంగుళాలు అటూఇటూ. తక్కువైతే కోళ్ళ కింద గుంత తీసిన చెక్క దిమ్మలు పెట్టించండి, వడ్రంగి పది నిమిషాల్లో చేసిస్తాడు, ఉత్త ఇటుకలు మాత్రం పెట్టొద్దు, మంచం కదిలితే జారిపోతాయి. నవారు బిగుతుగా లాగించండి. మంచం ఒక పక్క గోడకి ఆనించి ఉంచితే పడే భయం ఒకవైపే ఉంటది. లేవగానే నడవకూడదు, కాళ్ళు కిందికి వేసి ఒక నిమిషం కూర్చోవాలి, బీపీ మాత్రలు వాడేవాళ్ళకి గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. నీళ్ళ మాత్ర, అంటే మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మాత్ర, రాత్రిపూట వేస్తుంటే, పొద్దున వేసుకోవచ్చా అని డాక్టర్ని ఒకసారి అడగండి, రాత్రి లేచే సార్లు తగ్గితే పడే అవకాశాలూ తగ్గుతాయి.

తర్వాత వెలుతురు. ఇరవై ఏళ్ళ కుర్రాడికి సరిపోయే వెలుతురు అరవై దాటినవాళ్ళకి సరిపోదు, దాదాపు మూడింతలు కావాలి, ఎందుకంటే వయసుతో కంటిపాప చిన్నదైపోతది, లోపల లెన్స్ పచ్చబడతది. మనం మాత్రం వాళ్ళ గదికే జీరో బల్బు పెట్టి హాల్లో ట్యూబ్‌లైట్లు పెట్టుకుంటాం. మేం మంచం పక్కన, పడుకునే చెయ్యి చాపితే అందే చోట ఒక స్విచ్చు పెట్టించాం, వసారాలో, దొడ్డి గుమ్మం మీద మనిషి వస్తే దానంతటదే వెలిగే సెన్సార్ బల్బులు రెండు పెట్టాం, ఒక్కోటి మూడు నాలుగు వందలు. పిల్లలు లేస్తారనే బెంగ ఇక అమ్మకి లేదు, తను స్విచ్చే నొక్కక్కర్లేదు కదా. కరెంటు పోయినా వెలిగే ఛార్జింగ్ బల్బు ఒకటి తప్పనిసరి, ఊళ్ళో గాలివాన వస్తే కరెంటు ఎప్పుడొస్తదో ఎవరికీ తెలీదు.

గడప గురించి చాలామంది ఇంటర్నెట్లో చూసి గడపలు తీసేయమంటారు. మన ఇళ్ళల్లో అది కుదరదు, కుదరాలని కూడా నేను అనను. మా అమ్మ వారం వారం పసుపు రాసి బొట్లు పెట్టే గడప అది, పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ. పైగా ఆ పసుపు వల్లే మసక కళ్ళకి కూడా గడప కనపడతది, పసుపు రాయని లోపలి గడపల దగ్గరే ఆవిడ ఎక్కువ తట్టుకునేది. అందుకని ముఖద్వారం, దొడ్డి గుమ్మం గడపలు అలాగే ఉంచి, రెండు వైపులా వేప చెక్కతో ఏటవాలు ముక్కలు చేయించి స్క్రూలతో బిగించాం, వాకర్ వాటిమీద నుంచి ఎక్కి దిగుతది. లోపల గదుల గడపలు మాత్రం ఆవిడని అడిగి తీసేయించాం. మొదటి శుక్రవారం చూస్తే ఆ చెక్కలకి కూడా పసుపు రాసి ఉంది.

దొడ్డి దారి. మన ఊళ్ళల్లో బాత్రూం ఇంట్లో కాకుండా దొడ్లో ఉండటమే అసలు సమస్య, వీలుంటే పడుకునే గది పక్కనే ఒక బాత్రూం కట్టించడం అన్నిటికన్నా మంచి పని. స్థలం లేకనో డబ్బు లేకనో కుదరకపోతే ఆ దారినే బాగు చేసుకోవాలి. పొద్దున్నే కళ్ళాపి చల్లాక ఒక గంట నేల జారుడుగా ఉంటది, అందుకని నడిచే దారి వదిలేసి మిగతా వాకిలి చల్లుకోమని వదినకి చెప్పాం. నీళ్ళ తొట్టి పక్కన, బట్టలుతికే బండ పక్కన పాచి పడుతుంది, వారానికోసారి బ్లీచింగ్ పౌడర్ చల్లి గట్టి చీపురుతో రుద్ది కడిగేయాలి, వానాకాలంలో రెండుసార్లు. దూడని కట్టే తాడు దారికి అడ్డంగా రాకుండా గుంజ అవతలికి మార్చాం. దారి వెంట మూడడుగుల వెడల్పున పాలిష్ పెట్టని నాపరాయి పరిపించాం, మా వైపు అది చవగ్గానే దొరుకుతుంది, తడిసినా టైల్స్ అంత జారదు. పక్కన నడుము ఎత్తులో ఒకటిన్నర అంగుళాల జీఐ పైపు రెయిలింగు, వెల్డింగ్ షాపు వాళ్ళు వచ్చి పూటలో బిగించి వెళ్ళారు. పైపుకి తెల్ల రంగు వేయించండి, చీకట్లో కనపడతది. వేసవిలో మధ్యాహ్నం పట్టుకుంటే చెయ్యి కాలుతుంది కాబట్టి మేం దానికి పాత సైకిల్ ట్యూబు చుట్టాం.

బాత్రూం మీద కాస్త ఎక్కువ చెప్తా, పడేది ఎక్కువ ఇక్కడే. స్వచ్ఛ భారత్ టైంలో ఊళ్ళల్లో కట్టుకున్న మరుగుదొడ్లు చాలావరకు చిన్నవి, రెండు మెట్లెక్కి పైకి వెళ్ళాలి, తలుపు లోపలికి తెరుచుకుంటది. లోపల పడిపోయిన మనిషి తలుపుకి అడ్డంగా పడితే బయటనుంచి తోసినా తెరుచుకోదు, మా ఊళ్ళోనే ఒకాయన్ని తలుపు పగలగొట్టి తీయాల్సొచ్చింది. అందుకని మొట్టమొదట తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి, బందులు విప్పి అటువైపు బిగించడమే, వడ్రంగికి ఒక పూట పని. లోపలి గడియ తీసేసి, బయటనుంచి కూడా నాణెంతో తిప్పి తీయగలిగే గడియ పెట్టండి, లేదంటే అసలు గడియ లేకుండా "లోపల ఉన్నాను" అనడానికి తలుపు మీద టవల్ వేసుకునే అలవాటు చేయండి. తలుపు వెడల్పు రెండున్నర అడుగులైనా ఉండాలి, చక్రాల కుర్చీ రావాలంటే మూడడుగులు మంచిది.

నేల మీద కూర్చునే బేసిన్ ఉంటే కింద కూర్చుని లేవడం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి రోజూ నరకం, చెప్పుకోవడానికి సిగ్గుపడి తిండి తగ్గించుకుంటారు కూడా, మా అమ్మ అలాగే చేసిందని తర్వాత తెలిసింది. పగలగొట్టి కమోడ్ పెట్టించగలిగితే పెట్టించండి, సీటు ఎత్తు 17 నుంచి 19 అంగుళాలు ఉండాలి. కుదరకపోతే మెడికల్ షాపుల్లో మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ దొరుకుతుంది, దాన్ని ఉన్న బేసిన్ మీదే పెట్టేసుకోవచ్చు, రెండు చేతులూ ఆనించుకోవడానికి హ్యాండిల్స్ ఉన్నదే కొనండి, కాళ్ళకి రబ్బరు బుషులు ఉన్నాయో లేదో చూడండి, అరిగిపోతే మార్చండి. అదే కుర్చీ జబ్బు చేసినప్పుడు రాత్రిపూట మంచం పక్కన బకెట్ పెట్టి వాడుకోవచ్చు.

పట్టుకునే రాడ్లు స్టీలువి కొనండి, చెయ్యి చుట్టూ తిరిగి పట్టు దొరికే లావు, అంటే ఒకటింబావు నుంచి ఒకటిన్నర అంగుళం, గోడకి రాడ్డుకి మధ్య ఒకటిన్నర అంగుళం ఖాళీ. ఒకటి కమోడ్ పక్కన, ఒకటి స్నానం చేసే చోట, ఒకటి తలుపు దగ్గర నిలువుగా. టవల్ వేసుకునే రాడ్డు మీద ఆధారపడొద్దు, అది మనిషి బరువు ఆపదు. గోడకి ప్లాస్టిక్ గట్టాలు పెట్టి స్క్రూలు వేసేస్తా అంటాడు మేస్త్రి, ఒప్పుకోవద్దు, యాంకర్ బోల్టులు వేయించండి, నాలుగున్నర అంగుళాల గోడైతే బోల్టు అవతలికి పంపి ఇనప ప్లేటు పెట్టి నట్టు బిగించాలి. అయ్యాక ఇంట్లో అందరికన్నా బరువైన మనిషి దాన్ని పట్టుకుని వేలాడినట్టు లాగి చూడాలి, మా అన్న 90 కేజీలు, తను లాగాకే అమ్మని పట్టుకోనిచ్చాం.

స్నానం కూర్చునే చేయాలి. మామూలు ప్లాస్టిక్ కుర్చీ తడి నేల మీద కాళ్ళు విచ్చుకుని విరుగుతుంది, స్నానానికని దొరికే అల్యూమినియం స్టూల్ కొనండి, లేదంటే గోడకి ఆనించి ఇటుకలతో 18 అంగుళాల ఎత్తు దిమ్మె కట్టించండి, దాని మీద నాపరాయే వేయండి, అన్నిటికన్నా గట్టిది అదే. బకెట్ కింద పెడితే వంగి వంగి ముంచుకోవాలి, దాన్ని కూడా ఒక పీట మీద పెట్టండి. వేడినీళ్ళ రాడ్డు బకెట్లో పెట్టి వాళ్ళని తీసుకోమనొద్దు, ఎవరైనా స్విచ్చు ఆపి రాడ్డు తీసి, చన్నీళ్ళు కలిపి, చెయ్యి పెట్టి చూసి అందించాలి. సబ్బు కిందపడితే వంగకుండా ఉండటానికి తాడు కట్టి రాడ్డుకి వేలాడదీశాం, మంచి ఉపాయం, ఎవరు చెప్పారో గుర్తులేదు. గుమ్మం ముందు మడిచి వేసే పాత చీర, గోనెసంచి పట్టాలు వెంటనే తీసేయండి, కాలు పెడితే జారేది అవే. కింద రబ్బరు ఉన్న మ్యాట్ ఒకటి చాలు. చెప్పులు కూడా అంతే, అరిగిపోయిన హవాయి చెప్పులు కాదు, మడమ వెనక పట్టీ ఉన్నవి కొనివ్వండి.

ఇంటి ముందు మెట్ల విషయానికొస్తే, ర్యాంపు కావాలంటే లెక్క చాలా తేలిక, ఒక అంగుళం ఎత్తుకి ఒక అడుగు పొడవు. మీ అరుగు 18 అంగుళాలుంటే ర్యాంపు 18 అడుగులు రావాలి. "అంత జాగా ఎక్కడిది, ఆరడుగుల్లో దించేద్దాం" అంటారు, దించితే అది స్కూటర్ ఎక్కించడానికి పనికొస్తది కానీ మనిషికి కాదు, దిగేటప్పుడు చక్రాల కుర్చీ పట్టుకున్నవాళ్ళని కూడా లాక్కుపోతది. గోడ వెంబడి మలుపు తిప్పండి, మలుపు దగ్గర అయిదడుగులు సమంగా ఉంచండి, వెడల్పు నాలుగడుగులు ఉంటే హాయి, అంచుల్లో రెండు మూడు అంగుళాల కట్ట, పైన రెయిలింగు. సిమెంటు నున్నగా తాపీ తిప్పొద్దని గట్టిగా చెప్పండి, పచ్చిగా ఉన్నప్పుడు చీపురుతో అడ్డంగా గీతలు లాగిస్తే చాలు. చక్రాల కుర్చీ అవసరం లేకుండా కర్రతో నడిచేవాళ్ళైతే ర్యాంపు కన్నా తక్కువ ఎత్తు మెట్లే సుఖం, ఒక్కోటి అయిదారు అంగుళాలు, పాదం మొత్తం పట్టేంత వెడల్పు, రెండు వైపులా పట్టుకోవడానికి పైపు, ప్రతి మెట్టు అంచున పసుపు రంగు గీత.

ఇన్ని చేసినా పడరు అని చెప్పలేం. పడితే ఏం చేయాలో ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలిసుండాలి. అమ్మ పడ్డప్పుడు చుట్టుపక్కలవాళ్ళు పరిగెత్తుకొచ్చి ప్రేమకొద్దీ చంకల్లో చేతులేసి లేపి నిలబెట్టబోయారు, అది చేయకూడదు. ముందు కదిలించకుండా మాట్లాడించండి, ఎక్కడ నొప్పో అడగండి. ఒక కాలు పొట్టిగా అయినట్టు, పాదం బయటికి తిరిగినట్టు కనపడితే తుంటి విరిగిందనే అనుకోవాలి, అలాగే పడుకోబెట్టి రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టి 108కి ఫోన్ చేయండి. తినడానికి ఏమీ పెట్టొద్దు. దీనికి కట్లు పనిచేయవు, వీలైతే రెండు రోజుల్లోపే ఆపరేషన్ చేయించి తొందరగా లేపి నడిపిస్తేనే మనిషి నిలుస్తాడు, మంచం మీద ఎన్నాళ్ళుంటే అంత ప్రమాదం. తలకి దెబ్బ తగిలి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, బయటికి ఏం కనపడకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే.

మంచాన ఉన్నవాళ్ళని చూసుకోవడం గురించి నాకు తెలిసిందంతా మా వదిన దగ్గర నేర్చుకున్నదే. ఆస్పత్రిలో నర్సు ఒకావిడ తనకి చెప్పింది, రెండు గంటలకోసారి పక్కకి తిప్పమని. వదిన గోడకి క్యాలెండర్ పక్కన కాగితం అంటించి ఎడమ, వెల్లకిల, కుడి అని టైము వేసి రాసేది, రాత్రి కూడా. నడుము కింద, తుంటి దగ్గర, మడమల దగ్గర రోజూ చూడాలి, ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడకుండా అలాగే ఎర్రగా ఉంటే అది పుండుకి మొదలు, అక్కడ బరువు పడకుండా చూడాలి, రుద్దకూడదు, మాలిష్ చేయకూడదు. పిక్కల కింద దిండు పెడితే మడమలు గాల్లో ఉంటాయి. గాలి పరుపు కొనుక్కోండి, కానీ గాలి పరుపు ఉంది కదా అని తిప్పడం మానొద్దు. దుప్పటి ముడతలు, బిస్కెట్ పొడి కూడా ఆ చర్మానికి ఎక్కువే.

లేపేటప్పుడు చేతులు పట్టి గుంజొద్దు. ముందు పక్కకి తిప్పి, కాళ్ళు మంచం దించి, భుజం కింద చెయ్యేసి లేపి కూర్చోబెట్టాలి, నిలబెట్టడానికి నడుముకి వెడల్పు బెల్టు కట్టి, మన మోకాళ్ళు వంచి దగ్గరగా నిలబడి, "ఒకటి రెండు మూడు" అని వాళ్ళకి కూడా చెప్పి లేవనివ్వాలి. పైకి జరపాలంటే కింద అడ్డంగా ఒక దుప్పటి పరిచి ఇద్దరు రెండు పక్కలా పట్టుకుని జరపాలి. అన్నం తినిపించేటప్పుడు పూర్తిగా కూర్చోబెట్టి, చిన్న స్పూనుతో, ఒక ముద్ద మింగాకే ఇంకో ముద్ద, తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. పక్షవాతం వచ్చినవాళ్ళు పలచటి నీళ్ళకి పొలమారితే చిక్కటి జావ మింగగలరేమో చూడమని డాక్టర్ని అడగండి.

నీళ్ళ సంగతి విడిగా చెప్పాలి. రాత్రి లేవాల్సొస్తదని పెద్దవాళ్ళు నీళ్ళే మానేస్తారు, వాళ్ళకి దాహం కూడా సరిగా తెలీదు. రెంటచింతల ఎండలు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, మే నెలలో మాకు మధ్యాహ్నం బయట అడుగుపెట్టలేం. మలబద్ధకం, మూత్రంలో మంట, ఉన్నట్టుండి అర్థంపర్థం లేకుండా మాట్లాడటం, వీటికి నీళ్ళు తాగకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. పొద్దున్నే ఒక లీటరు బాటిల్ పక్కన పెట్టి సాయంత్రం ఆరు లోపు అయిపోవాలి అని పెట్టుకోండి, మజ్జిగ, రాగి జావ అదనం, రాత్రి తగ్గించండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకి ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి.

ఇక చూసుకునే మనిషి. మా వదిన నాలుగు నెలలు పుట్టింటికి వెళ్ళలేదు, రాత్రిళ్ళు సరిగా నిద్రపోలేదు, నడుం పట్టేసి తనే వంగలేని స్థితికొచ్చింది, ఎవరం గమనించలేదు. దూరంగా ఉండే కొడుకులూ కూతుళ్ళూ, ఫోన్ చేసి "అమ్మకి మందులేశారా" అని అడగడం సాయం కాదు. నెలకి నాలుగు రోజులైనా వెళ్ళి వాళ్ళని వేరే ఊరికి పంపించి, ఆ మందులు మీరే వేయండి, ఆ బట్టలు మీరే మార్చండి, మగపిల్లలైనా సరే. నేను మొదటిసారి అమ్మకి స్నానం చేయించినప్పుడు ఆవిడా నేనూ ఇద్దరం ఇబ్బంది పడ్డాం, రెండో రోజుకి అమ్మే "నాకూ మీ నాన్నకీ నువ్వు చిన్నప్పుడు చేసిన గోల" అని చెప్తూ కూర్చుంది. ఊళ్ళో ఎవరినైనా పగటిపూట సాయానికి మాట్లాడుకోండి, ఆ డబ్బు మీరు పంపండి, వదిన అకౌంట్లోకే పంపండి, తన చేతి కింద ఖర్చుపెట్టుకోనివ్వండి. రాత్రిళ్ళకి రిమోట్ కాలింగ్ బెల్ ఒకటి కొనండి, మీట అమ్మ మంచానికి కట్టేసి, బెల్లు వాళ్ళ గదిలో పెట్టండి. మేం అది పెట్టాకే వదిన తలుపేసుకుని నిద్రపోయింది.

లేచి తిరగగలిగే వాళ్ళని మాత్రం కూర్చోబెట్టేయొద్దు. "నువ్వేం చేయకమ్మా" అనేది ప్రేమే, కానీ వాడని కాళ్ళు రెండు వారాల్లో బలం పోగొట్టుకుంటాయి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, కిటికీ ఊచలు పట్టుకుని మడమలెత్తి దించడం, పొద్దున సాయంత్రం రెండు పూటలా చేయించండి. చిక్కుడుకాయలు వలవడం, పప్పు ఏరడం, పూలు కట్టడం వాళ్ళకే వదిలేయండి. కంటికి శుక్లం ఉంటే ఆపరేషన్ వాయిదా వేయొద్దు, చెవి వినపడకపోతే మిషన్ పెట్టించండి, వినపడనివాళ్ళతో ఇంట్లో మాట్లాడటం మానేస్తారు, వాళ్ళూ మెల్లగా మంచానికి తిరిగిపోతారు. మా అమ్మకి సాయంత్రం అయిదింటికి అరుగు మీద ఎదురింటి అత్తయ్యతో కూర్చోవడమే అసలు మందు, ర్యాంపు వేయించింది నిజానికి దానికోసమే.

కాగితాల పని కొంచెం ఉంది. 70 దాటినవాళ్ళందరికీ ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, 2024 అక్టోబర్‌లో మొదలైంది, ఆధార్ ఉంటే చాలు, జబ్బు చేయకముందే తీసుకుని పెట్టుకోండి. రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలుపెట్టారు, 60 దాటి దారిద్ర్య రేఖకి దిగువన ఉన్నవాళ్ళకి, నెలకి 15 వేల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకి చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, చెవి మిషన్లు, కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు ఉచితంగా ఇస్తారు, క్యాంపులు పెట్టినప్పుడు సచివాలయంలో అడిగి పేరు రాయించండి. ఆంధ్రలో వృద్ధాప్య పెన్షన్ 2024 జులై నుంచి 4,000, పక్షవాతంతో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి 15,000, దానికి ప్రభుత్వ డాక్టర్లు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. ఏ సలహా కావాలన్నా, ఎవరైనా పెద్దవాళ్ళని ఇబ్బంది పెడుతున్నా పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయొచ్చు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఆ నంబరు, 108, మీ నంబరు, పక్కింటివాళ్ళ నంబరు పెద్ద అంకెల్లో రాసి మంచం ఎదురుగా గోడకి అంటించండి, ఫోన్లో సేవ్ చేసి ఉంది కదా అనుకోవద్దు.

అందరూ అడిగేది ఖర్చెంత అని. మాకు తలుపు మార్చడం, రాడ్లు మూడు, కమోడ్ కుర్చీ, సెన్సార్ బల్బులు, చెక్క ముక్కలు, బెల్లు అన్నీ కలిపి పన్నెండు వేల లోపే అయ్యాయి, దొడ్లో బండలు, రెయిలింగు, ర్యాంపు కలిపి ఇంకో అరవై వేలు. అంతా ఒకేసారి కుదరకపోతే తలుపు, రాడ్లు, లైట్లు, ఈ మూడూ ముందు చేసేయండి, రెండు రోజుల పని. దసరాకో సంక్రాంతికో ఊరెళ్ళేటప్పుడు చేయిద్దాం అనుకుంటే మాత్రం వారం ముందే ఫోన్ చేసి మేస్త్రిని, వడ్రంగిని మాట్లాడి పెట్టుకోండి, పండక్కి ముందు ఎవరూ దొరకరు. రాడ్లు, యాంకర్ బోల్టులు టౌన్లో కొనుక్కునే వెళ్ళండి, కొలత టేపు, ఒక పెన్సిల్ కూడా సంచిలో వేసుకోండి.